తొంభై తొమ్మిదేళ్ళ సొంతిల్లు

పోయిన ఆదివారం పాప ఇంగ్లండు నుంచి ఫోన్ చేసింది. వీడియోలో మొహం చూడగానే అర్థమైంది, ఏదో అడగబోతోందని. పెళ్ళై ఎనిమిదేళ్ళు కావస్తున్నా, డబ్బు అడగాల్సి వస్తే ఇప్పటికీ "నాయన అన్నం తిన్యాడా?" అనే మొదలుపెడుతుంది.

"మా, ఫ్లాట్ లీజు పెంచుకోవాల. అన్నీ కలిపి పదమూడు వేల పౌండ్లు అవుతాదంట. మా దగ్గర అయిదు వేలు ఉండాయి."

పక్కనే పేపరు చదువుతున్న మా ఆయన పేపరు కిందికి దించాడు. "లీజేంది? ఇల్లు కొన్నారు గదా?"

ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడానికి పాపకి అరగంట పట్టింది. నాకు అర్థం చేసుకోవడానికి మూడు రోజులు పట్టింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. అందుకే ఈ రాత.

నేను మంగంపేట మనిషిని. ఈ ఊళ్ళో లీజు అనే మాట ఇంగ్లీషు మాట అని చిన్నప్పుడు నాకు తెలియదు. రాయి, మిల్లు, లారీ, లీజు - నాలుగూ మా ఇంటి మాటలే అనుకునేదాన్ని. బెరైటీస్ అని పుస్తకాల్లో రాస్తారు, మేము ముగ్గురాయి అంటాం. ప్రపంచంలో ఒకేచోట ఇంత పెద్ద నిక్షేపం ఇంకెక్కడా లేదని చెప్తారు. మామూలు రాయి కంటే బరువు. దాన్ని పొడి చేసి చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలుపుతారు, లోపలి ఒత్తిడికి చమురు పైకి చిమ్మకుండా. మా ఊరి పొడి గల్ఫ్ దాకా, అమెరికా దాకా పోతుంది. గని ఏపీఎండీసీది. అంత పెద్ద సంస్థ అయినా కాగితం మీద లీజు ఉన్నన్నాళ్ళే తవ్వాలి. గడువు తీరకముందే మళ్ళీ రాయించుకోవాలి. రాయించుకోనివాడు గనిలో దిగకూడదు. ఈ సంగతి ఇక్కడ టీ కొట్టు అబ్బాయికి కూడా తెలుసు. కోట్లు పెట్టి యంత్రం దించేవాడు ముందు లీజు ఎన్నేళ్ళుందో చూసుకుంటాడు.

అట్లాంటి ఊళ్ళో పుట్టి, లీజు దుమ్ములో పెరిగి, ఇంజనీరింగ్ చదివిన పిల్ల, ఇంకో ఇంజనీరుని చేసుకుని, ఇద్దరూ కలిసి 2019లో రెడింగ్‌లో ఫ్లాట్ "కొన్నారు". ఎన్నేళ్ళుందో చూసుకోలేదు.

చూసుకోలేదని కూడా కాదు. కాగితంలో ఉంది. 2008 మార్చి నుంచి 99 సంవత్సరాలు. వీళ్ళు కొన్నప్పటికి పదకొండేళ్ళు అయిపోయి 88 మిగిలాయి. సొలిసిటర్ పంపిన మందపాటి ఉత్తరంలో ఏదో పేజీలో ఆ సంగతి రాసే ఉంది. అల్లుడు దాన్ని చదివి, "ఎనభై ఎనిమిదేళ్ళంటే మనం ఉంటామా, మన పిల్లలుంటారా" అనుకుని సంతకం పెట్టేశాడు. అబద్ధం ఎందుకు, నేనున్నా అట్లే అనుకునేదాన్నేమో. ఎనభై ఎనిమిదేళ్ళు! మా అవ్వ బతికింది డెబ్భై ఆరు.

ఇక్కడే మోసం ఉంది. ఎవరూ మోసం చేయనక్కరలేని మోసం. మనిషి తన ఆయుష్షుతో లెక్క వేసుకుంటాడు. ఇల్లు బ్యాంకు లెక్కతో నడుస్తుంది.

ఎట్లాగంటే, లీజు ఎనభై ఏళ్ళ కిందికి దిగిందంటే చాలు, రేపు ఆ ఫ్లాట్ కొనేవాళ్ళకి అప్పు ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడడం మొదలుపెడతాయి. డెబ్భైకి దిగితే ఇంకా వెనకాడతాయి. ఇల్లు అదే, గోడలు అవే, పాప పెట్టుకున్న పుదీనా కుండీ అదే. కానీ ఏడాదికేడాది దాని ధర లోపల్లోపల కరిగిపోతుంది, చలిమంటకి పెట్టిన వెన్నలాగా. అరవై ఏళ్ళ తర్వాత ఎవరో వచ్చి తలుపు తట్టేది కాదు ఈ కష్టం. ఇప్పుడే, మన కళ్ళముందే, మనం టీ తాగుతుండగానే జరిగేది.

మా వాళ్ళ గడువు 2027 మార్చితో 80కి వస్తుంది. అందుకే పాప గొంతులో ఆ తడబాటు.

ఎనభై దాటి కిందికి పోతే ఏమవుతుందని అడిగాను. "మ్యారేజ్ వాల్యూ కూడా కట్టాల మా" అంది.

నాకు సరిగ్గా వినపడలేదనుకున్నాను. మళ్ళీ చెప్పించుకున్నాను. నిజంగానే మ్యారేజ్ వాల్యూ. పెళ్ళి విలువ! నేల యజమాని చేతిలో ఒక హక్కు ఉంది, మన చేతిలో కొన్నేళ్ళ కాగితం ఉంది. ఈ రెండూ కలిస్తే, అంటే లీజు పెరిగితే, ఫ్లాట్ ధర పెరుగుతుంది. ఉదాహరణకి పెంచకముందు ఇద్దరి వాటాల విలువా కలిపి 2,30,000 పౌండ్లు అనుకోండి. పెంచాక 2,50,000. ఆ ఎక్కువ వచ్చిన ఇరవై వేలు పెళ్ళి వల్ల పుట్టిన బిడ్డ లాంటిదట. అందులో సగం, పదివేలు, యజమానికి ఇవ్వాలి. మామూలుగా ఇవ్వాల్సింది ఇచ్చాక, దాని పైన ఇది.

పెళ్ళి పేరు చెప్పి ఒకవైపు వాళ్ళ దగ్గర మాత్రమే డబ్బు పట్టుకుపోతే దాన్ని మా దిక్కు కట్నం అంటారు. 1961 నుంచి మన దేశంలో అది నేరం. ఇంగ్లండులో చట్టంలోనే రాసి పెట్టుకున్నారు.

పాపని ఊరికే వదిలిపెట్టలేదు నేను. అన్నీ అడిగాను, రాసుకున్నాను, మా తమ్ముడి కొడుకు చేత చదివించుకున్నాను. నాకు అర్థమైనంతవరకు మీకూ చెప్తాను, ఎందుకంటే ఇది చదివే మీలో సగం మందికి లండన్లోనో, స్లౌలోనో, మాంచెస్టర్‌లోనో ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

ఇంగ్లండులో, వేల్స్‌లో ఫ్లాట్ కొనడమంటే చాలావరకు ఏళ్ళు కొనడమే. నేల ఇంకొకరిది, గోడలు కూడా ఇంకొకరివే. మనకి వచ్చేది ఇన్నేళ్ళు లోపల ఉండే హక్కు. మన తిరుపతిలోనో హైదరాబాదులోనో అపార్టుమెంటులో ఫ్లాట్ కొంటే రిజిస్ట్రేషన్ కాగితంలో "అవిభాజ్యపు వాటా ఇన్ని గజాలు" అని రాస్తారు చూడండి, ఆ ముప్పై గజాలో నలభై గజాలో నేల మనదే. బిల్డింగు పడిపోయినా నేలలో వాటా పోదు. అక్కడ అట్లాంటిది లేదు. పైగా ఏటేటా గ్రౌండ్ రెంట్ అని కట్టాలి. 2022 జూన్ 30 తర్వాత రాసే కొత్త లీజులకి అది తీసేశారు. మా పాపది పాతది కాబట్టి ఏడాదికి 250 పౌండ్లు కడుతూనే ఉంది. దేనికని అడిగితే దేనికీ కాదు. మెట్లు ఊడ్చడానికి, లిఫ్టుకి, భీమాకి సర్వీస్ చార్జీ వేరే ఉంది. ఇది ఊరికే నేల మీద ఉన్నందుకు.

వంటింట్లో పాత కార్పెట్ లాంటిదేదో ఉంటే తీసేసి చెక్క నేల వేయించుకుందామనుకుంది పాప. మూడో అంతస్తులో చప్పుడు కిందవాళ్ళకి వినపడుతుందని లీజులో రాసి ఉందట, అనుమతి కావాలి. అనుమతి అడిగితే అడిగినందుకు ఫీజు. చూడండి, సొంత వంటింట్లో సొంత డబ్బుతో నేల మార్చుకోవడానికి ఎవరినో అడగాలి, అడిగినందుకు డబ్బివ్వాలి. మా ఇంట్లో అద్దెకుండే టీచరమ్మ మేకు కొట్టాలన్నా నన్ను అడుగుతుంది, నిజమే. కానీ ఆమె "ఇల్లు కొన్నాను" అని ఊరంతా స్వీట్లు పంచలేదు కదా.

మేము పంచాం. 2019లో కోడూరు నుంచి నాలుగు కేజీల మైసూర్‌పాక్ తెప్పించి పంచాం.

ఇంగ లీజు పెంచుకోవడం సంగతి. 1993లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ఫ్లాట్ ఉన్నవాళ్ళు అడిగితే యజమాని కాదనడానికి వీల్లేదు, మిగిలిన ఏళ్ళ మీద ఇంకో 90 కలపాలి, గ్రౌండ్ రెంట్‌ని మిరియపు గింజకి దించాలి. మిరియపు గింజ అంటే వట్టి మాటకి అనుకున్నాను, చట్టం భాషలో నిజంగా అదే పేరు. అంటే అద్దె సున్నా అని. నా వంటింట్లో మిరియాలు చారులోకి పోతాయి, వాళ్ళకి అద్దెలోకి పోతాయి. ఈ చట్టంలో నాకు నచ్చింది అదొక్కటే.

దీనికి ఖరీదు ఉంది. యజమానికి ఇకమీదట రాని అద్దె మొత్తానికి ఇప్పుడే ఒక్కసారి ఇవ్వాలి. ఫ్లాట్ 2107లో తిరిగి తన చేతికి రావాల్సింది ఇంకో తొంభై ఏళ్ళు వెనక్కి పోయినందుకు ఇవ్వాలి. ఎనభై లోపు దిగితే ఆ పెళ్ళి విలువ. మన సొలిసిటర్ ఖర్చు, మన వాల్యూయర్ ఖర్చు మనమే పెట్టుకోవాలి, సరే. యజమాని పెట్టుకునే సొలిసిటర్ ఖర్చు, వాల్యూయర్ ఖర్చు కూడా సబబైనంతవరకు మనమే కట్టాలి! మన దగ్గర ఎంత లాగొచ్చో లెక్కగట్టే మనిషికి కూలి మనమే ఇవ్వాలి. ఇది విన్నప్పుడు మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

ఇవన్నీ కలిపితే పదమూడు వేల పౌండ్లు, మన డబ్బులో పదిహేను లక్షల పైచిలుకు. ఆలస్యం చేసి ఎనభై దాటిస్తే ఇంకో ఆరేడు వేలు పడొచ్చని పాప మాట్లాడిన వాల్యూయర్ చెప్పాడట.

ఇప్పుడు ఇంట్లో గొడవ చెప్తాను. ఒక్కొక్కరిదీ ఒక్కో మాట.

అల్లుడు ఆగుదాం అంటాడు. "అత్తమ్మా, కొత్త చట్టం వచ్చేసింది, ఇప్పుడు కట్టేవాళ్ళు పిచ్చోళ్ళు" అన్నాడు. చట్టం వచ్చిన మాట నిజమే. 2024 మేలో అక్కడి పార్లమెంటు పాస్ చేసింది. దాని ప్రకారం 90 కాదు, ఏకంగా 990 ఏళ్ళ లీజు ఇవ్వాలి, మ్యారేజ్ వాల్యూ అనేదే ఉండదు. వినడానికి ఎంత బాగుందో! కానీ నేను ఇది రాస్తున్న నాటికి ఆ రెండూ అమలులోకి రాలేదు. ఫ్లాట్ కొని రెండేళ్ళు ఆగాలన్న పాత షరతు మాత్రం 2025 జనవరి 31న తీసేశారు. మిగతావాటికి తేదీ లేదు. లేని తేదీని నమ్ముకుని ఉన్న తేదీని దాటించడం నాకు చేతకాదు. పంట బీమా వస్తుందని అరటి తోటకి నీళ్ళు కట్టడం మానేసేవాడు ఎవడైనా ఉంటాడా? చట్టం రేపే అమల్లోకి వస్తే మంచిదే, ఒక ఆరు వేలు ఎక్కువ కట్టామని ఏడుస్తాం. రాకపోతే ఆ ఏడుపు రెండింతలవుతుంది, ఆ తర్వాత ప్రతి ఏడూ పెరుగుతుంది. అల్లుడికి ఇదే చెప్పాను. "మీరు చదువుకున్నోళ్ళు నాయనా, కానీ కాలం మీ పక్షాన లేదు, ఆయప్ప పక్షాన ఉంది" అన్నాను. ఆయప్ప అంటే నేల యజమాని. మనిషి కూడా కాదు, ఏదో కంపెనీ. మనిషైతే ఎప్పుడైనా జాలిపడతాడు.

ఆ కంపెనీ వాళ్ళు మధ్యలో ఒక ఉత్తరం పంపారట. చట్టం గోల లేకుండా మనలో మనమే మాట్లాడుకుందాం, తక్కువకే లీజుని 125 ఏళ్ళకి పెంచుతాం అని. అల్లుడు ఎగిరి గంతేశాడు. పాప నాకు చదివి వినిపించింది కాబట్టి సరిపోయింది. చట్టం ప్రకారం పోతే మిగిలిన ఎనభై ఒకటికి తొంభై కలిసి నూట డెబ్భై ఒకటి, నేల అద్దె ఆ రోజుతో సరి. వాళ్ళిచ్చేది నూట ఇరవై అయిదు, పాత గడువు తీరేదాకా నేల అద్దె అట్లే కట్టాలి. తక్కువ ధర తక్కువ ఎందుకయిందో తూకం వేస్తేనే తెలుస్తుంది. సంతలో చింతపండు కొనేటప్పుడు గింజ తీసిందా తీయనిదా అని చూడమా?

మా ఆయనది ఇంకో వాదం, అసలు పైసా ఇవ్వొద్దని. "గుత్త ఇంటికి నా సొమ్ము పెట్టను. అమ్మేసి ఇంటికి రమ్మను." గుత్త అంటే మా దిక్కు తెలియనివాళ్ళు లేరు. కోడూరు చుట్టూ మామిడి తోటలన్నీ పూత మీదే వ్యాపారులకి గుత్తకిస్తారు. గుత్తకి తీసుకున్నవాడు కాయ కోసుకుంటాడు, పోతాడు. తోటలో కొత్త మొక్క నాటమంటే నాటడు, వాడికేం పని? మా పాప గుత్త తోటలో మొక్కలు నాటింది. ఆ ఫ్లాట్లో తొమ్మిది వేల పౌండ్లు పెట్టి వంటిల్లు మార్చుకుంది. మా ఆయన కోపం నాకు అర్థమైంది. కానీ అమ్మేయమంటే ఎవరు కొంటారు, ఎంతకి కొంటారు? కొనేవాడు మొదట అడిగేదే ఏళ్ళెన్ని అని. పెంచకుండా అమ్మితే ఆ నష్టం ధరలో కొట్టేసుకుంటాడు. కట్టకపోయినా కట్టినట్టే.

అప్పుడు మా ఆయన ఒక మాట అన్నాడు. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వని మాట. "ఆడ గడువు పెట్టి తీసుకుంటారు, ఈడ నోటీసు ఇచ్చి తీసుకుంటారు. మన పట్టా మాత్రం శాశ్వతమా? గని పెరిగితే ఊరు జరగాల. నీ కూతురి ఫ్లాటుకీ మన ఇంటికీ తేడా ఏముంది?"

గని ఊళ్ళో ఉండేవాళ్ళకి ఈ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కరలేదు. పేలుడు చప్పుడుకి అద్దాలు గలగలలాడే ఇంట్లో కూర్చుని శాశ్వతం అనే మాట వాడడానికి నాకే నోరు రాదు. నిజంగా తేడా లేదేమో అనుకున్నాను.

తేడా ఉంది. మన నేల ప్రభుత్వానికి కావాలంటే భూసేకరణ చట్టం కింద రావాలి. 2013 చట్టం ప్రకారం పరిహారం లెక్కగట్టాలి, పునరావాసం చూపించాలి, మనం చాలదని కోర్టుకి పోవచ్చు. సరిగ్గా ఇస్తారా, టైముకి ఇస్తారా అనేది వేరే యుద్ధం. కానీ ఇవ్వాలనే మాట చట్టంలో ఉంది. ఎందుకంటే అది నీది, నీ దగ్గర తీసుకుంటున్నాం అని వాళ్ళు ఒప్పుకున్నట్టు. లీజు గడువు తీరితే ఎవరూ ఏమీ తీసుకోరు. అది ఎప్పుడూ నీది కాదు కాబట్టి తీసుకోవడం అనేదే లేదు. లోపలున్నవాళ్ళు వెంటనే వీధిలో పడకపోవచ్చు, అద్దెకుండిపోవచ్చు, అంతే. డబ్బు పోసి కొన్నది అద్దె ఇల్లయిపోతుంది.

కట్టుకథ అనుకోవద్దు. సింగపూర్‌లో గేలాంగ్ లోరాంగ్ 3 అనే వీధి ఉంది. 191 ఇళ్ళు. అరవై ఏళ్ళ లీజు మీద కట్టినవి. 2020 డిసెంబర్ 31న గడువు తీరింది, నేల ప్రభుత్వానికి పోయింది, పరిహారం లేదు. ఆ ఇళ్ళలో కూడా ఎవరో ఒక అల్లుడు "అరవై ఏళ్ళంటే మనం ఉంటామా" అనుకునే ఉంటాడు. సింగపూర్‌లో మన తెలుగువాళ్ళు కొంటున్న ప్రభుత్వ ఫ్లాట్లు కూడా 99 ఏళ్ళవే. దూరం పోవడమెందుకు, నోయిడాలో ఫ్లాట్లు 90 ఏళ్ళ లీజు మీద, నవీ ముంబైలో సిడ్కో నేల 60 ఏళ్ళ లీజు మీద. మనవాళ్ళు అక్కడా ఉన్నారు, గృహప్రవేశాలకి మనం పోయి చీరలు పెట్టి వచ్చాం.

తొంభై తొమ్మిది అంటే ఎప్పటికీ అనుకున్న వాళ్ళలో ఆ దేశపు దొరలే మొదటివాళ్ళు. హాంకాంగ్ పక్కన న్యూ టెరిటరీస్ అనే నేలని 1898లో చైనా దగ్గర 99 ఏళ్ళకి లీజు రాయించుకున్నారు. 1997 జూన్ 30కి గడువు. కానీ కంగారు 1997లో పుట్టలేదు, 1970లు ముగిసేలోపే పుట్టింది, ఇరవై ఏళ్ళ ముందు, ఇంటి అప్పులకి గడువు చాలదు అనే దగ్గర. చివరికి జెండా దించుకుని ఓడ ఎక్కి పోయారు. అంత అనుభవం ఉన్న దేశం సొంత జనానికి మాత్రం ఇంకా ఏళ్ళు అమ్ముతోంది. దాదాపు యాభై లక్షల ఇళ్ళు ఈ పద్ధతిలోనే ఉన్నాయట ఇంగ్లండులో.

ఇక్కడ నాకు మన్రో గుర్తొస్తాడు. నవ్వకండి, మా సీమవాళ్ళకి ఆయన గుర్తు రాకుండా భూమి మాట పూర్తికాదు. నిజాం 1800లో కుంపిణీకి మా జిల్లాలు అప్పజెప్పినప్పుడు థామస్ మన్రో ఇక్కడ కలెక్టరుగా ఏడేళ్ళు ఉన్నాడు. మధ్యలో జమీందారు అక్కర్లేదు, రైతు పేరు మీదే శిస్తు, రైతుకే పట్టా అని నిలబడ్డాడు. శిస్తు ఎక్కువే వేశాడు, ఆ లెక్క వేరే ఉంది. కానీ రైతుకీ సర్కారుకీ మధ్య దొరని పెట్టలేదు. 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా వచ్చి చనిపోయాడు. జమీందారీలున్న చోట కూడా మనవాళ్ళు 1948 చట్టంతో వాటిని ఎత్తేశారు. మరి మాకు పట్టా ఇచ్చిన ఆ జాతి, లండన్లో మాత్రం డ్యూకుల కింద వీధులకి వీధులు లీజులో ఉంచుకుంది. లీజు ఇళ్ళు ఉన్నవాళ్ళు నేల కొనుక్కోవచ్చని 1967లో చట్టం తెస్తే వెస్ట్‌మినిస్టర్ డ్యూకు తరఫువాళ్ళు యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా పోయారు. 1986లో ఓడిపోయారు. నేల ఇమ్మంటే మానవ హక్కు గుర్తొచ్చింది వాళ్ళకి!

ఇంకో తమాషా. మన్రో స్కాట్లాండు మనిషి, గ్లాస్గోలో పుట్టాడు. ఇప్పుడు స్కాట్లాండులో ఫ్లాట్ కొంటే అది మనదే, మామూలుగా లీజు గీజు ఏమీ ఉండదు. మిగిలిపోయిన పాత పొడుగు లీజులని కూడా 2015 నవంబర్‌లో సొంతంగా మార్చేశారు. అంటే చేయలేక కాదు. అదే ద్వీపంలో పైన చేశారు, కింద చేయలేదు.

ఆ దొరలని తిట్టి నేను ఊరుకోను. మనల్ని కూడా తిట్టాలి. "కొన్నాడు" అనే మాట మనకి ఎంత ఇష్టమో! మొన్న మా బంధువుల పిల్లకి సంబంధం వచ్చింది. అబ్బాయికి స్లౌలో సొంత ఫ్లాట్ ఉందట, ఆ మాట మీదే పెట్టుపోతలు రెండు మెట్లు పైకెక్కాయి. "ఏళ్ళెన్నో అడిగినారా?" అన్నాను. "ముప్పై ఒకటి" అన్నారు. అబ్బాయి వయసు చెప్తున్నారు! జాతకం మూడు చోట్ల చూపించారు, ఫ్లాట్ జాతకం ఒక్కచోట చూపించలేదు. ఆడపిల్ల తల్లులు గట్టిగా అడగండి. లీజు ఎన్నేళ్ళు, నేల అద్దె ఎంత, అది ఎన్నేళ్ళకోసారి రెట్టింపవుతుంది, కాగితం మీద ఎవరి పేరు. సిగ్గుపడాల్సింది అడిగినవాళ్ళు కాదు.

పేరు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మా పాప ఫ్లాటులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, నెలనెలా అప్పులో సగం తన జీతం నుంచే పోతుంది. అయినా కంపెనీ ఉత్తరాలు అల్లుడి మెయిల్‌కే వస్తాయి, ఆయన "చూద్దాంలే" అని పక్కన పెడతాడు. ఇట్లా చూద్దాంలే అనుకుంటూనే 2021లో పెంచుకునే అర్హత వచ్చినా 2026 దాకా తెచ్చుకున్నారు. ఇంటి మీద లెక్క ఇంటావిడ చేతిలో ఉంటే పాలవాడి బాకీ కూడా నెల దాటదు.

బుధవారం రాత్రి మళ్ళీ ఫోన్ చేసి నా మాట చెప్పాను. తోట అమ్మను, అది మా అమ్మ పసుపు కుంకుమ కింద నాకిచ్చింది, నా తర్వాత దానిది. దానికి గడువు లేదు. గాజులు, కాసులపేరు కోడూరు బ్యాంకులో పెట్టి తొమ్మిదిన్నర లక్షలు తీసి పంపుతాను. వడ్డీ మీరు కట్టాలి. చట్టం ప్రకారం నోటీసు ఈ నెలలోనే పోవాలి, ఎందుకంటే నోటీసు ఇచ్చిన రోజు లెక్కే లెక్క, బేరం ఎన్ని నెలలు సాగినా ఎనభై దాటిందనడానికి లేదు. మధ్యలో వెనక్కి తీసుకుంటే ఇంకో ఏడాది దాకా మళ్ళీ ఇవ్వకూడదట, కాబట్టి ఇచ్చాక ఊగిసలాట వద్దు. వాళ్ళు ఎక్కువ అడిగితే ట్రిబ్యునల్ ఉంది, పొండి. ఇంకమీదట ఉత్తరాలన్నీ పాప మెయిల్‌కి కూడా రావాలి.

అల్లుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే అత్తమ్మా, నోటీసు కాపీ మీకు కూడా పంపిస్తా" అన్నాడు.

మా ఆయన అలిగి మాట్లాడడం లేదు. ఈ పొద్దు పొద్దున మాత్రం బీరువా దగ్గర నిలబడి, "కాసులపేరుకి బిల్లు అడుగుతారేమో, వెతికి పెట్టుకో" అన్నాడు. బిల్లు దొరికింది. 1994ది, ప్రొద్దుటూరు అంగడిది, సిరా వెలిసిపోయింది గానీ మా నాయన పేరు కనపడుతోంది. సోమవారం పది గంటలకి బ్యాంకు.